స్మార్ట్‌వాచ్‌కి నగల ధర ఎందుకు పెడతారు?

విశాఖ జగదాంబ సెంటర్‌లో రెండు వేలకే స్మార్ట్‌వాచ్ దొరుకుతుంటే కొన్నిటికి లక్షల్లో ధర ఎందుకని అడిగారు.

ఆ డబ్బు లోపలి చిప్‌కి కాదు, పైన మెరిసేదానికి. 2015లో యాపిల్ తన మొదటి వాచ్‌ని 349 డాలర్ల నుంచి అమ్మింది. దానికే 18 క్యారెట్ల బంగారు కేసు తొడిగి 10,000 నుంచి 17,000 డాలర్లు పెట్టింది. చిప్ అదే, సాఫ్ట్‌వేర్ అదే. మన నగల షాపులో అయితే తరుగు, మజూరీ అని బిల్లులో విడిగా వేస్తారు, దేనికెంత కడుతున్నామో తెలుస్తుంది. ఇక్కడ పదిమందిలో గొప్పగా కనబడటానికి ఎంత కట్టామో ఎక్కడా రాయరు.

చిక్కల్లా వాచ్ ఆయుష్షుతోనే. రోలెక్స్ లాంటిదాన్ని సర్వీసు చేయిస్తూ కొడుక్కి ఇచ్చుకోవచ్చు. స్మార్ట్‌వాచ్‌కి బ్యాటరీ నీరసిస్తుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. ఆ బంగారు వాచ్‌కి 2018 నాటి వాచ్‌ఓఎస్ 5 (యాపిల్ వాచ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అందనే లేదు. 2016లోనే దాన్ని పక్కనపెట్టి 1,249 డాలర్ల సిరామిక్ మోడల్ తెచ్చారు.

ఖరీదైన తోలు వస్తువులు చేసే ఫ్రెంచ్ కంపెనీ ఎర్మెస్‌తో కలిసి యాపిల్ తెచ్చిన పట్టీల పద్ధతి మాత్రం, 2023లో యాపిల్ కొత్త పట్టీలకి తోలు వాడటం మానేసినా, నిలబడింది. వాచ్ మార్చినా పట్టీ చాలాసార్లు పనికొస్తుంది కదా! అయితే బీచ్ రోడ్డు ఉప్పుగాలికి, మన చెమటకి తోలు ఎన్నాళ్లుంటుందో నేను హామీ ఇవ్వలేను. పొద్దున నడకకి సిలికాన్ పట్టీయే మేలు.