ఉద్యోగం పోయినప్పుడు అప్పు చేసైనా దశమభాగం ఇవ్వాలా?

బ్రదర్, ఉద్యోగం పోయి నెలలు గడుస్తున్నా సంఘంలో ఒకాయన బైబిల్లోని మలాకీ 3:10 చూపించి "అప్పు చేసైనా దశమభాగం (ఆదాయంలో పదో వంతు) ఇవ్వండి, ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయి" అంటున్నారని రాశారు. ఇవ్వకపోతే దేవుని దగ్గర దొంగిలించినట్టేనా అని అడిగారు. కాదు. దయచేసి అప్పు తెచ్చి కానుక వేయకండి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. పెళ్లయ్యాక చెన్నై వచ్చాం. మా ఆయన అంబత్తూరు ఎస్టేట్‌లో కార్ల విడిభాగాలు చేసే చిన్న యూనిట్‌లో పని చేసేవారు. 2020 లాక్‌డౌన్‌కి యూనిట్ మూతపడింది. మళ్లీ తెరిచినప్పుడు కొందరినే పిలిచారు, ఆయనకు పిలుపు రాలేదు. రిజర్వ్ బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చింది గానీ, ఆగింది వాయిదాలే, వడ్డీ కాదు. నా గాజులు తాకట్టులోకి వెళ్లాయి.

అప్పుడు ఖర్చుల జాబితాలో ముందు ఇంటద్దె, బియ్యం, గ్యాస్, కిరాణా కొట్లో బాకీ రాసుకున్నాం. అవి పోగా మిగిలితే కానుక. కొన్ని ఆదివారాలు పది రూపాయలు, కొన్ని వారాలు అదీ లేదు. మా తెలుగు సంఘం పాస్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన "ఇప్పుడు మీరు ఇచ్చేవాళ్లు కాదమ్మా, తీసుకునేవాళ్లు" అన్నారు. ఆ వారమే సంఘ పెద్దలు బియ్యం బస్తా తెచ్చారు, ఒక నెల అద్దె కట్టారు. దాన్ని తీసుకోవడం మా ఆయనకు చాలా కష్టమైంది. ఎప్పుడూ ఇచ్చిన చెయ్యి కదా, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. దశమభాగం మానడం కన్నా ఆ బస్తా అందుకోవడానికే ఎక్కువ విశ్వాసం కావాల్సి వచ్చిందని నేను నమ్ముతాను.

మలాకీ వచనంలోనే "నా మందిరములో ఆహారముండునట్లు" అని ఉంది. ఆ ఆహారం ఎవరికి? ద్వితీయోపదేశకాండము 14:28-29 చదవండి. మూడో ఏటి పదియవ భాగాన్ని ఊళ్లోనే ఉంచాలి, లేవీయులు (మందిర సేవ చేసేవాళ్లు), పరదేశులు, తండ్రి లేనివారు, విధవరాండ్రు తిని తృప్తి పొందాలి. ఈ రోజు మీ ఇల్లు ఆ వరుసలోనే ఉంది. అపొస్తలుడైన పౌలు అయితే "కలిమి కొలదియే" అని తేల్చి చెప్పాడు (2 కొరింథీ 8:12). సొంత ఇంటివాళ్లను పోషించనివాడు విశ్వాసాన్ని వదులుకున్నట్టే అన్న మాట 1 తిమోతి 5:8లో ఉంది. అది మాత్రం కానుకల సమయంలో ఎవరూ ఎత్తరు, నాకు బాధ అక్కడే.

పౌలు కాలంలోని మాసిదోనియ సంఘాలు నిరుపేదలై ఉండి కూడా శక్తికి మించి ఇచ్చాయి కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నిజమే, కానీ వాళ్లు తమంతట తామే ఇచ్చారు. ఎవరూ శాపం చూపి అడగలేదు, వాళ్లు వడ్డీకి తెచ్చి ఇచ్చారనీ లేదు. దేవునితో చిట్టీ కట్టినట్టు "ఇంత వేస్తే ఇంత వస్తుంది" అని లెక్క చెప్పేవాళ్ల మాట వినకండి.

మా ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువు కథ తరతరాలుగా చెప్పుకుంటారు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చారు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలిని అడ్డం పెట్టుకుని భక్తిని రాబట్టకూడదని ఆయనకు తెలుసు. ఆ కాలువే ఇక్కడ మైలాపూరు మీదుగా పోతుంది. తిరుమయిలై స్టేషన్‌కి వెళ్లినప్పుడల్లా మా పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను.

మీరు ఈ వారమే పాస్టర్ గారినో, నమ్మకమున్న పెద్దనో కలిసి బాకీలతో సహా అంతా చెప్పండి. లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. ఎంత అప్పుందో మీ భార్యకు తెలియకపోతే ముందు ఆమెకే చెప్పండి, తర్వాతే సంఘానికి.