పెంకుపురుగులు చెప్పే పాత ఉష్ణోగ్రతలు

ప్రశ్న: వేల ఏళ్ల కిందటి శీతోష్ణస్థితిని పురుగుల అవశేషాలను బట్టి లెక్కగడతారని చదివాను. పురుగులలో తరాలు చాలా త్వరగా మారతాయి కదా! అంతకాలంలో వాటి స్వభావం కూడా మారిపోయి ఉంటే, ఆ లెక్కను ఎలా నమ్మడం?
– ఒక ఉపాధ్యాయిని, నల్గొండ

జవాబు: మీ సందేహం సహజమైనదే. మంచుయుగపు నేలల్లో దొరికిన పెంకుపురుగులు చాలావరకు అంతరించిపోయిన జాతులకు చెందినవేనని ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా భావించేవారు. ఆ అభిప్రాయాన్ని మార్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రస్సెల్ కూప్. ఆయన ఆ అవశేషాలను నేటి పురుగులతో పక్కపక్కన పెట్టి, పెంకు మీది సన్నని గాడులు, గుంటలు, కొన్నిచోట్ల చెడకుండా మిగిలిన మగ పురుగుల జననాంగాలతో సహా పోల్చి చూసి, వాటిలో అత్యధిక భాగం ఇప్పటికీ బతికి ఉన్న జాతులేనని తేల్చారు. వాతావరణం మారినప్పుడు పెంకుపురుగులు తమ రూపాన్ని మార్చుకోవడం కంటే, తమకు సరిపడే చోటుకు తరలిపోవడమే ఎక్కువ. తరాలు త్వరగా మారినంత మాత్రాన జాతి త్వరగా మారాలని లేదు.

ఈ తరలింపు ఎంత దూరం సాగుతుందో చెప్పడానికి అఫోడియస్ హోల్డెరెరి అనే పేడపురుగును మించిన సాక్ష్యం లేదు. గత మంచుయుగంలో ఇంగ్లండ్‌లో విరివిగా ఉన్న ఈ పురుగు ఇప్పుడు టిబెట్ పీఠభూమి మీద మాత్రమే కనిపిస్తోందని కూప్ 1973లో ప్రకటించారు. ఇంగ్లండ్‌లోని పురుగులను మాత్రమే ఎరిగినవారికి ఇది కచ్చితంగా అంతరించిన జాతిలాగే తోచి ఉండేది.

ఈ అవశేషాలు రాయిగా మారినవి కావు. గాలి సోకని తడి బురదలో పురుగు పైపెంకులోని కైటిన్ అనే గట్టి పదార్థం అలాగే నిలిచిపోతుంది. ఆ బురదను నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలినదానికి కిరోసిన్ పట్టించి మళ్లీ నీళ్లు పోస్తే, కిరోసిన్ అంటుకున్న పెంకు ముక్కలు పైకి తేలతాయి. తలలు, మెడ వెనుక కవచాలు, గట్టి ముందు రెక్కలు విడివిడిగా దొరుకుతాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద జాతులవారీగా గుర్తించడమే ఇందులో ఏళ్ల అనుభవం కావలసిన పని.

ఆ తరువాతి లెక్క సులువుగా అర్థమవుతుంది. ఒక జాతి నేడు జులై సగటు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ ఉండే ప్రాంతాలలోనూ, మరొకటి 14 నుంచి 20 డిగ్రీల ప్రాంతాలలోనూ బతుకుతున్నాయనుకుందాం. ఆ రెండూ ఒకే పొరలో దొరికితే, నాటి జులై సగటు 14కూ 16కూ మధ్య ఉండి ఉండాలి. జాతుల సంఖ్య పెరిగేకొద్దీ ఈ హద్దు ఇరుకవుతుంది. అట్కిన్సన్, బ్రిఫా, కూప్ 1987లో ఈ పద్ధతితోనే బ్రిటన్‌లో గత 22,000 ఏళ్ల ఉష్ణోగ్రతలను లెక్కగట్టారు. ఫలానా మొక్కనే తిని బతికే పురుగులను ఇందులో చేర్చరు, ఎందుకంటే ఆ మొక్క వచ్చేదాకా అవీ ఆగిపోవలసిందే. వేటాడి తినేవి, కుళ్లిన పదార్థాలను తినేవి మాత్రమే లెక్కకు వస్తాయి.

దీనివల్ల తేలిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. సుమారు 14,700 ఏళ్ల కిందట బ్రిటన్ చాలా వేగంగా వేడెక్కింది. అయితే ఆ తొలి దశ పొరల్లో మిగిలిన పుప్పొడిలో చెట్లది దాదాపు లేదు కనుక, పుప్పొడిని మాత్రమే నమ్మినవారు అప్పటికింకా చలి తగ్గలేదని అనుకున్నారు. నిజానికి వేసవులు దాదాపు నేటి స్థాయికి చేరాయని, వెచ్చని ప్రాంతాల పురుగులు అప్పటికే వచ్చి చేరాయని పెంకులు చూపించాయి. విత్తనం పడి, నేల కుదిరి, బిర్చ్ చెట్ల వనాలు విస్తరించేసరికి ఆ వేడి కొంత తగ్గుముఖం పట్టింది కూడా. గ్రీన్‌లాండ్ మంచుపొరల నుంచి తీసిన నమూనాలు ఆ మార్పు హఠాత్తుగానే వచ్చిందని తరువాత ధ్రువపరిచాయి.

ఈ లెక్క వేసవికి పనికొచ్చినంతగా చలికాలానికి పనికిరాదు. చాలా పెంకుపురుగులు శీతాకాలాన్ని మట్టిలోనో మంచు కిందనో గడుపుతాయి కాబట్టి, బయటి గాలి ఎంత చల్లబడిందో వాటికి అంతగా తగలదు. అందుకే జనవరి ఉష్ణోగ్రతల అంచనాలలో తేడా ఎక్కువగా ఉంటుంది.