నాటకాలకు సెట్లు, డ్రెస్సులు డిజైన్ చేస్తూ వరంగల్‌లో బతకొచ్చా?

ప్రశ్న: హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాను. బొమ్మలు బాగా వేస్తాను. నాటకాలకు సెట్, కాస్ట్యూమ్ డిజైనర్ కావాలని ఉంది. ఇక్కడే ఉండి ఆ పని చేయొచ్చా? ఇల్లు గడుస్తుందా?

జవాబు: చేయొచ్చు చెల్లె. ఆ ఒక్క పనితోనే ఇల్లు మాత్రం గడవదు. నాకెవరూ ముందు చెప్పలేదు కాబట్టి మీకు ముందే చెప్తున్నా.

నేను 26 ఏళ్లుగా ఇందులో ఉన్నాను. పరిషత్తు పోటీలకు వెళ్లే నాటికలు, కాలేజీ నాటకాలు, ఉత్సవాలకు వేసే చారిత్రక రూపకాలు చేస్తాను. సెట్‌కని ఇచ్చే డబ్బులో సగం చెక్కకు, గుడ్డకు, డీసీఎం కిరాయికే పోతుంది. మా ఇంట్లో కిరాణా సామాను వచ్చేది స్కూళ్ల వార్షికోత్సవాల డ్రెస్సులతో, పెళ్లి మండపాలతో. యాభై మంది పిల్లలకు ఒకే రకం నెమలి రెక్కలు కుట్టడం మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు డిసెంబర్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను.

నేను సైన్‌బోర్డులు రాసేవాణ్ని. అక్కడి నుంచి నాటకాల పరదాలు వేసే ఒక సారు దగ్గర చేరాను. దర్బారు, అడవి, వీధి అని ఆయన దగ్గర మూడు పరదాలుండేవి. వాటితోనే పౌరాణికాలన్నీ నడిచిపోయేవి. నేను ఎంతో మురిసిపోతూ గీసుకెళ్లిన కోట బొమ్మ చూసి, "మంచిగనే ఉంది బిడ్డా, మరి దీన్ని బండి మీద ఎట్ల ఎక్కిస్తవ్?" అన్నాడు. అప్పటి నుంచి ఏది గీసినా ముందు ఆ సంగతే చూసుకుంటాను. నా గోడలన్నీ చెక్క ఫ్రేముకు గుడ్డ బిగించి, మధ్యలో కబ్జాలు వేసి మడిచేవే (తలుపులకు వేసే కబ్జాలే, భూములవి కావు).

ఇక మనవైపు ఏ చారిత్రక నాటకమైనా వెనకాల కాకతీయ తోరణం ఉండాల్సిందే అంటారు. మొదటిసారి పది అడుగుల ఎత్తులో మొత్తం తోరణం కట్టాను. ముచ్చటగా వచ్చింది. రుద్రమదేవి వేషం వేసిన అమ్మాయి కిరీటంతో దాని కింద నిలబడగానే ఓరుగల్లు కోట కాస్తా వీధి చివర స్వాగత ద్వారమైపోయింది. అసలు తోరణం దాదాపు 30 అడుగులు. దాన్ని కుదించి పెడితే పక్కనున్న మనిషి దాని కొలత బయటపెట్టేస్తాడు. తర్వాత ఒక్క స్తంభమే పెట్టి, పైభాగం పైతెరలోకి వెళ్లి కనిపించకుండా చేశాను. మిగతా తోరణాన్ని చూసేవాళ్లే ఊహించుకున్నారు. చెక్క ఖర్చు కూడా తగ్గింది.

ఆ నాటకంలోనే కిరీటం గొడవ ఇంకొకటి. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ చేయించాను. పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం, బరువు మాత్రం కిలోన్నర. రిహార్సల్స్‌లో కిరీటం పెట్టించలేదు, అది నా తెలివితక్కువతనం. ప్రదర్శన రోజు కత్తి యుద్ధంలో రుద్రమ ఒక చేత్తో కత్తి తిప్పుతూ రెండో చేత్తో కిరీటం పట్టుకుంది! తర్వాత చేర్యాలలో మాస్కులు చేసేటట్టు రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి అచ్చు పోసి, పైన రంగు వేశాను. చాలా తేలిగ్గా వచ్చింది. రెండు వారాలకు తీసి చూస్తే అంచంతా ఎలుకలు కొరికేశాయి. చింతగింజల జిగురు వాటికి విందు భోజనమని నాకేం తెలుసు? అప్పుడు కొన్న రేకు ట్రంకు ఇప్పటికీ వాడుతున్నాను.

డ్రెస్సుల విషయంలో అందరూ బట్ట ఖరీదు చూస్తారు. చూడాల్సింది లైటు కింద ఆ బట్ట ఏమవుతుందో. ఎర్ర లైటులో ఆకుపచ్చ చీర నల్లగా కనిపిస్తుంది. సాయుధ పోరాటం నాటకానికి నిజమైన నల్ల గొంగళ్లు తెచ్చి, వెనక నల్ల తెర వేశాను. లైటు పడగానే దళం మొత్తం మాయం, తలకాయలు మాత్రం గాల్లో తేలుతున్నాయి. హాల్లో ఒకటే నవ్వులు. ఇప్పుడు గొంగడి ఉంటే వెనక మట్టిరంగు తెర వేసి, పక్క నుంచి లైటు అడుగుతాను.

చాకలి ఐలమ్మ పాత్రకు కొత్త పాలిస్టర్ చీర కట్టించే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నూలు చీర తీసుకొని, టీ డికాక్షన్‌లో నానబెట్టి, అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, కుచ్చిళ్ల దగ్గర కొంచెం ఎర్రమట్టి పులమండి. ఆరేశాక నటికి వారం ముందే ఇచ్చేయండి. కట్టుకొని వంగాలి, కూర్చోవాలి, పరుగెత్తాలి. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు ఆహార్యాన్ని (అంటే వేషాన్ని, అలంకరణను) కూడా అభినయంలోనే కలిపి చెప్పింది ఊరికే కాదు.

చదువు సంగతి: ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. 1959లో మొదలైంది. మూడేళ్ల కోర్సు, అందులో డిజైన్ కూడా నేర్పుతారు. డిగ్రీతో పాటు నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు కాబట్టి ఇప్పటి నుంచే ఏదో ఒక బృందంలో చేరండి. నేను వెళ్లలేదు, ఇంట్లో పరిస్థితి అట్లా ఉండేది. వెళ్లుంటే లైటింగ్ గురించి ఇన్ని దెబ్బలు తినేవాణ్ని కాదేమో.

సురభి వాళ్ల నాటకం ఎక్కడ పడినా వదలకండి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో కీచకవధతో మొదలైన కుటుంబాలవి. కుదిరితే వాళ్లను అడిగి పక్క వింగ్‌లో నిలబడి చూడండి. పరదాలు ఎట్లా మారుస్తున్నారో, ఎవరు ఏ తాడు లాగుతున్నారో ముందు వరసలో కూర్చుంటే కనిపించదు.

మొదటి అవకాశం డిజైనర్‌గా రాదు. డ్రెస్సుల పెట్టె చూసుకొమ్మంటారు, ఒప్పుకోండి. ఇస్త్రీపెట్టె, నల్లదారం, బొందులు, పిన్నీసులు మీ సంచిలో ఉండాలి. పిన్నీసులు రెండు డబ్బాలు పెట్టుకోండి, ఒకటి నటులే పట్టుకుపోతారు.