వీధివారి మాటలకు జడిసి కారు అమ్ముకోవాలా?

ప్రశ్న: మేము నెల్లూరు వేదాయపాళెంలో సొంత ఇంట్లో ఉంటున్నాము. ఇందుకూరుపేట మండలంలో మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. 2024 చివర్లో ఫార్చ్యూనర్ కొన్నాము. అందుకోసం 9 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో 30 లక్షలు అప్పు తీసుకుని, ఇప్పటికి 18 వాయిదాలు కట్టాము. కారు వచ్చినప్పటి నుంచి ఇరుగుపొరుగు వైఖరి మారిపోయింది. వినబడేటట్టు ఎత్తిపొడుపులు, గేటుకు అడ్డంగా బండ్లు పెట్టడం, రెండుసార్లు తాళంచెవితో గీతలు. పక్కింటివారు 3 లక్షలు చేబదులు అడిగితే లేదన్నందుకు పలకరింపు మానేశారు. ఇంకొకరు కూతురి పెళ్లికి కారు కావాలంటున్నారు. ఆదాయపు పన్ను వారికి అర్జీ పెడతామని కూడా ఎవరో అన్నారట. కారు అమ్మేయాలా, లేక ఇల్లే మారాలా?

జవాబు: వీధివారి కోసమైతే కారు అమ్మవద్దు. అమ్మవలసి వస్తే అది మీ గుంటల లెక్క చూసి తీసుకునే నిర్ణయం కావాలి. ఎదుటివారి మనసులో ఉన్న అసూయను మీరూ తీసివేయలేరు, నేనూ తీసివేయలేను. కాని అది మీ డబ్బును తాకే చోట్లు కొన్నే ఉన్నాయి, వాటిని మాత్రం కట్టుదిట్టం చేసుకోవచ్చు.

ముందుగా అప్పు సంగతి చూద్దాం. మీరు చెప్పిన షరతుల ప్రకారం నెల వాయిదా సుమారు 62,300 రూపాయలు. 18 వాయిదాల తరువాత ఇంకా 22 లక్షల 36 వేల వరకు అసలు మిగిలి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి పెద్ద కార్లపై జీఎస్టీ, సెస్సుతో కలిపి 50 శాతంగా ఉన్నది, 40 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గితే పాత బండికి పలికే ధర కూడా తగ్గుతుంది కనుక, పాత రేటుకు కొని ఇప్పుడు అమ్మేవారికి ఆ నష్టం అదనం. ముందుగా అప్పు తీర్చినందుకు రుసుము ఉందేమో మీ ఒప్పంద పత్రంలో చూసుకోండి. ఇంత నష్టాన్ని నాలుగు ఎత్తిపొడుపుల కోసం భరించడం నాకు సమంజసంగా కనబడదు.

అయితే మీ వృత్తికి నెలజీతపు నిలకడ లేదు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వస్తే పంట మొత్తం పోవచ్చు. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ధరలు ఎలా పడిపోయాయో మీకు నాకంటే బాగా తెలుసు. అందువల్ల గత మూడేళ్లలో మీకు అన్నిటికంటే తక్కువ మిగిల్చిన పంటను తీసుకోండి. ఆ పట్టుబడి డబ్బులోంచి, అంటే రొయ్యలు పట్టి అమ్మిన సొమ్ములోంచి, మేత దుకాణం బాకీ, సీడు (రొయ్య పిల్లలు) ఖర్చు, కరెంటు బిల్లు పోగా కారు వాయిదాలు కట్టగలిగి ఉంటే కారు ఉంచుకోండి. కట్టలేని పరిస్థితి అయితే, వీధి అంతా మీ కారును మెచ్చుకుంటున్నా సరే, అమ్మి చిన్న బండికి మారండి.

చేబదులు విషయంలో మీరు లేదనడమే మంచిదైంది. ఆరు నెలల వాయిదాలకు సరిపడే సొమ్ము, అంటే దాదాపు 3 లక్షల 74 వేలు, మీరు ఎప్పుడూ పక్కన ఉంచుకోవాలి. పక్కింటివారు అడిగిన మొత్తం ఇంచుమించు అదే. ఇకముందు ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే తిరిగి రాకపోయినా బాధపడనంత మాత్రమే ఇవ్వండి. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. కనుక బ్యాంకు ద్వారానే పంపి ప్రోనోటు రాయించుకోండి. నోటు మీద కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే గడువని గుర్తుంచుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీ ఆశ చూపితే మాత్రం అసలే ఇవ్వకండి. బ్యాంకులో అంతకంటే చౌకగా అప్పు దొరికే కాలంలో 24 శాతం కట్టడానికి ఒప్పుకునేవారికి మరెక్కడా పుట్టడం లేదని అర్థం.

గీతల దగ్గర చాలామంది పొరపడతారు. దురుద్దేశంతో చేసిన నష్టం సమగ్ర బీమాలో వస్తుంది, నిజమే. కాని వరుసగా క్లెయిము లేని సంవత్సరాలకు సొంత నష్టం ప్రీమియంలో (మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) 20, 25, 35, 45, 50 శాతం చొప్పున రాయితీ పెరుగుతుంది. ఒక్క క్లెయిముతో అది సున్నాకు వచ్చి మళ్లీ మొదలవుతుంది. ఆ ప్రీమియం 50 వేలు అనుకుంటే, 25 శాతం రాయితీ అందబోయే సమయంలో క్లెయిము చేసినవారు రాబోయే ఐదేళ్లలో పోగొట్టుకునేది 30 వేల పైమాటే. ఒకటి రెండు ప్యానెళ్ల రంగు ఖర్చు అంతకంటే తక్కువైతే చేతి డబ్బుతో వేయించండి. రాయితీని కాపాడే అదనపు కవరు ఇప్పటికే ఉంటే అప్పుడు లెక్క వేరు. గేటు మీద కెమెరా పెట్టి, మరోసారి జరిగితే ఫొటోలతో పోలీసు స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ఆస్తికి చేసే ఇటువంటి నష్టాన్ని నేరంగానే చూస్తుంది. దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టడం మీ ఇష్టం, దానికి నా అభ్యంతరం లేదు.

పెళ్లికి కారు ఉచితంగా, లైసెన్సు ఉన్న మీ డ్రైవరుతో పంపితే బీమాకు ఇబ్బంది లేదు. కిరాయి తీసుకుంటే మాత్రం అది సొంత వాడకం కాదు. పెంచలకోన గుడికి వెళ్లే దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. లైసెన్సు లేని కుర్రవాడి చేతికి తాళాలిస్తే, గాయపడినవారికి బీమా కంపెనీ చెల్లించినా ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకుంటుంది. అందువల్ల తాళాలు ఇవ్వకండి, ఇష్టమైతే డ్రైవరుతో కారు పంపండి.

అర్జీ బెదిరింపుకు కంగారు పడనక్కరలేదు. 10 లక్షలు దాటిన కారు కొన్నప్పుడు డీలరు 1 శాతం పన్ను వసూలు చేసి మీ పాన్ పేరిట జమచేస్తాడు, అంటే ఆ కొనుగోలు సంగతి ఆదాయపు పన్ను శాఖకు మొదటి నుంచీ తెలుసు. ఆ 1 శాతాన్ని రిటర్నులో తిరిగి పొందారో లేదో ముందు చూసుకోండి. రొయ్యల ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయమని రాసి పన్ను లేదనుకునే అలవాటు మన ప్రాంతంలో ఉంది. మీ రిటర్నులు కూడా అలాగే ఉంటే వీధివారికంటే ముందు ఆడిటరుతో మాట్లాడవలసిన విషయం అది.

ఇల్లు మారడానికి నేను ఒప్పుకోను. సొంత ఇంటిని వదిలి ప్రతినెలా అద్దె కట్టడం వాయిదా మీద మరో వాయిదా అవుతుంది. గేటు లోపల కారు పట్టేటట్టు ప్రహరీని కొంచెం జరిపి, పైన రేకుల షెడ్డు వేయించడానికి ఎంత అవుతుందో ఈ వారంలో మేస్త్రీతో లెక్క కట్టించండి.