ఎమ్మే జర్మన్‌లో చేరేముందు స్టాఫ్ సంగతి కనుక్కో
చిత్తూరులో డిగ్రీ అయిపోయింది, ఎమ్మే జర్మన్ చేసి లెక్చరర్ అవుదామనుకుంటున్నా, మోడర్న్ లాంగ్వేజెస్ డిపార్ట్‌మెంట్‌లో చదువు ఎలా ఉంటుందన్నా అని అడిగావు. అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటున్నా తమ్ముడూ. నేను హైదరాబాద్‌లో అదే ఎమ్మే చదివి, ఇప్పుడు తిరుపతిలో గెస్ట్ ఫ్యాకల్టీగా జర్మన్ చెబుతున్నా.

ముందు ఒక మాట. ఇఫ్లూ (హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) లాంటి చోట ఎమ్మే జర్మన్‌కి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలదు, భాష ముందే వచ్చి ఉండాలి. బీయే జర్మన్ గానీ అడ్వాన్స్‌డ్ డిప్లొమా గానీ ఉందా అని చూస్తారు. నీకు అక్షరాలు కూడా రావంటే ఏ1 అనే మొట్టమొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాల్సిందే. చెన్నైలో జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, పరీక్ష అక్కడ రాయొచ్చు, మనకు హైదరాబాద్ కంటే అదే దగ్గర.

క్లాసు విషయానికొస్తే, ఇంజనీరింగ్ కాలేజీలో లాగా వెనక బెంచీలో దాక్కోవడం కుదరదు. ఉండేది కొద్దిమందే, రోజూ అందరి చేతా మాట్లాడిస్తారు, హోంవర్క్ చేయకుండా పోతే రెండో వాక్యానికే దొరికిపోతాం. మొదటి సెమిస్టర్‌లో అందరికీ టెన్షనే. కుప్పం నుంచి వచ్చిన పిల్లలు తెలుగు, తమిళం, కన్నడం మూడూ గడగడా మాట్లాడుతూనే 'నాకు లాంగ్వేజెస్ రావు సార్' అంటారు, అదేం లెక్కో నాకు అర్థం కాదు. చూడగా చూడగా, తప్పయినా పర్లేదని నోరు తెరిచేది వాళ్లే.

అసలు సంగతి స్టాఫ్. చాలా చోట్ల పర్మనెంట్ వాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, మిగతా పేపర్లన్నీ మాలాంటి గెస్టులవే. యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 దాటకుండా అని చెప్పింది, నా చేతికి వచ్చేది అంతకంటే చాలా తక్కువ, పైగా సెలవుల్లో పైసా రాదు. అందుకే మంచి టీచరు కూడా ఇంకో చోట నాలుగు డబ్బులు ఎక్కువొస్తే వెళ్లిపోతాడు, ఆయన్ని తప్పుపట్టలేం. నష్టపోయేది మాత్రం పిల్లలే. గ్రామర్ సగంలో ఆగుతుంది, కొత్తగా వచ్చినాయన వీళ్లకి ఎంత వచ్చో తెలియక మళ్లీ మొదటి పాఠం దగ్గర మొదలుపెడతాడు, సెకండియర్‌లో సాహిత్యం పేపరు వచ్చేసరికి కథ చదవడం మానేసి డిక్షనరీ తిప్పుతూ కూర్చుంటారు.

ఉద్యోగం అంటావా, లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో జర్మన్‌కి విడిగా సబ్జెక్ట్ ఉంది, అందులోనే జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. పర్మనెంట్ పోస్టుల నోటిఫికేషన్ మాత్రం ఎప్పుడొస్తుందో ఆ వెంకన్నకే తెలియాలి. కానీ నేర్పే పనికి కరువు లేదు. నా క్లాసులో ఎక్కువమంది నర్సింగ్ చదివిన అమ్మాయిలు, జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 (ఏ1, ఏ2, బీ1 తర్వాత వచ్చే నాలుగో లెవెల్) దాకా అడుగుతారు మరి. మిగతావాళ్లు ఎమ్మెస్‌కి వెళ్లే బీటెక్ పిల్లలు, అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు ఉండదు కదా. నీకు భాష ఏదైనా ఒకటే అయి, ఇంటి దగ్గరే ఉండాలనుకుంటే జపనీస్ గురించి కూడా ఆలోచించు, మన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామిక వాడలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి.

జర్మనే అని గట్టిగా అనుకుంటే బీ1 అయ్యాక అప్లై చెయ్. ఫీజు కట్టేముందు ఆ డిపార్ట్‌మెంట్ సెకండియర్ వాళ్లని ఎవరినైనా పట్టుకుని, పోయిన ఏడాది గ్రామర్ చెప్పినాయన ఈ ఏడాది కూడా ఉన్నాడా అని అడుగు. వెబ్‌సైట్‌లో పేర్లు చూసి నమ్మకు, వెళ్లిపోయిన వాళ్ల ఫొటోలు కూడా అలాగే ఉంటాయి.