అమరురాలా, అప్సరసా?

సందేహం: చైనా అద్భుత ప్రేమ నవల ఒకదాన్ని ఇంగ్లీషు నుంచి అనువదిస్తున్నాను. కథానాయిక వందల ఏళ్లు సాధన చేసి చావును జయిస్తుంది. ఆమెను ‘అమరురాలు’ అనవచ్చా? ‘అప్సరస’ అంటే అందంగా ఉంటుందని మిత్రులు అంటున్నారు.

సమాధానం: రెండూ వద్దు.

‘అమరా నిర్జరా దేవాః’ అని అమరకోశం దేవతల పేర్లను ఈ మాటతోనే మొదలుపెట్టింది. అయితే ఇవాళ మనం ఆ మాటను ఎక్కడ వాడుతున్నాం? అమరవీరుల స్తూపం, అమరుల కుటుంబాలు, ‘పోరాటంలో అమరుడయ్యాడు’. ‘మూడు వందల ఏళ్ల తపస్సు తరువాత ఆమె అమరురాలైంది’ అని మీరు రాస్తే, పాపం చనిపోయిందనే పాఠకుడు అనుకుంటాడు.

అప్సరస అనడం ఇంకా పెద్ద పొరపాటు. అప్సరసది పుట్టుకతో వచ్చిన దివ్యత్వం. మీ కథానాయికది కష్టపడి సంపాదించుకున్నది. చైనా భాషలో ఇలాంటివారిని ‘షియెన్’ అంటారు. ఆ అక్షరంలో ఒక పక్క మనిషి గుర్తు, మరో పక్క కొండ గుర్తు ఉంటాయి. దేవుళ్లకు ‘షెన్’ అని వేరే మాట ఉంది. అక్కడి ప్రసిద్ధ ఎనిమిదిమంది షియెన్‌ల బృందంలో తామరపువ్వు పట్టుకొని కనిపించే హో షియెన్‌గూ మొదట మామూలు ఆడపిల్లే. హాంగ్‌జౌ సరస్సు ఒడ్డున మనిషిని ప్రేమించిన శ్వేతసర్పం బై సుజెన్ కూడా ఏళ్ల తరబడి సాధన చేసి స్త్రీ రూపం పొందింది. ఆమెను ‘నాగకన్య’ అన్నా ఆ కష్టమంతా కనుమరుగవుతుంది.

నా ఓటు ‘సిద్ధురాలు’కే. అమరకోశం సిద్ధులను కూడా అప్సరసలతో పాటు దేవయోనుల్లోనే, అంటే పుట్టుకతో దివ్యులైనవారిలోనే, చేర్చింది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ తెలుగువాడి మనసులో సిద్ధుడంటే సాధించినవాడు. మనుచరిత్రనే చూడండి: ప్రవరుడికి పాదలేపం ఇచ్చినవాడు సిద్ధుడు, హిమాలయంలో ఎదురుపడిన వరూధిని అప్సరస. ఒకే కావ్యంలో రెండూ ఉన్నాయి, ఎవరూ ఒకరిని చూసి మరొకరనుకోరు. ధీరుడు–ధీరురాలు లాగే సిద్ధుడు–సిద్ధురాలు. ఒక్క జాగ్రత్త: ‘యుద్ధానికి సిద్ధురాలైంది’ అంటే తయారైందని అర్థం వస్తుంది. అలాంటి చోట ‘సిద్ధయోగిని’ అనండి.

మీరు అడగకపోయినా మరో మాట చెప్పాలని ఉంది. ఈ నవలల్లో నాయిక పై మెట్టు ఎక్కాలంటే పిడుగుల వంటి ఆపదలు దాటాలి. ఆ ఆపదను చైనా భాషలో ‘జ్యే’ అంటారు. బౌద్ధ గ్రంథాల అనువాదాలతో అక్కడికి చేరిన మన ‘కల్పం’ అనే మాటే కుదించుకుపోయి అలా అయింది. కల్పాంతంలో వచ్చే వినాశం మీదుగా అర్థం ఆపద వైపు జరిగింది. ఆ మాట మనదే కదా అన్న ముచ్చటతో ‘కల్పం’ అని వెనక్కి తెచ్చుకుంటే అర్థం చెడుతుంది. ‘పరీక్ష’ అంటే చప్పగా ఉంటుంది. ‘గండం’ అనండి! జలగండం, ప్రాణగండం అంటూ మన ఇళ్లలో పెద్దలు భయపడుతూ పలికే మాట అది. నాయిక మనిషిగా పుట్టి, ప్రేమించి, గుండె పగిలి, తిరిగి పైలోకానికి చేరే ఘట్టాన్ని ‘ప్రేమగండం’ అనండి. ‘ఆ సిద్ధురాలు ప్రేమగండం గట్టెక్కింది’ అని రాస్తే అడుగున వివరణ ఇవ్వాల్సిన పనే ఉండదు.