సైట్ సెర్చ్ రిపోర్ట్‌లో ముందు ఏటి చూడాలి? మా జీడిపప్పు షాపు అనుభవం

విజయనగరంలో ఉండి పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి సామాను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నానని, సైట్ సెర్చ్ రిపోర్ట్ (మన సైట్ సెర్చ్ బార్‌లో జనం ఏ మాటలు కొట్టారో చూపించేది) తెరిస్తే వందల లైన్లు, పక్కన ఎగ్జిట్ శాతాలు (వెతికాక సైట్ వదిలి వెళ్లిపోయినవాళ్ల శాతం), జీరో రిజల్ట్స్ (వెతికితే ఏమీ దొరకని మాటలు) అని ఇంకో లిస్టు కనపడుతున్నాయని, ఏది పట్టించుకోవాలో తెలీట్లేదని అడిగారు కదండీ. మాది కాశీబుగ్గ, జీడిపప్పు, మామిడి తాండ్ర అమ్మే చిన్న ఆన్‌లైన్ షాపు. నాలుగేళ్లుగా ప్రతి నెలా ఈ రిపోర్ట్ ముందేసుకుని కూర్చుంటున్నా కాబట్టి నాకు పనికొచ్చింది చెప్తాను.

ముందు జీరో రిజల్ట్స్ లిస్టు తెరవండి, మిగతావన్నీ తర్వాత. కస్టమర్ మన సరుకుని ఏ పేరుతో పిలుస్తాడో ఉన్నదున్నట్టు దొరికేది అక్కడే. మేము సైట్ పెట్టినప్పుడు వ్యాపారస్తుల లెక్కలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, స్ప్లిట్స్ అని పేర్లు పెట్టేశాం. కానీ కొనుక్కునేవాళ్లు ఎవరూ అలగ అడగరండి, గుండు కావాలంటారు, బద్ద కావాలంటారు, పాయసంలోకైతే ముక్క చాలంటారు, సైట్లోనూ అవే మాటలు కొట్టారు. సరుకేమో గోడౌన్లో బస్తాలుగా ఉంది, సైటేమో ఏమీ దొరకలేదని చెప్పి పంపించేస్తోంది. ఆ లిస్టు మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు, వాళ్లంతా డబ్బు పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన మనుషులు కదా. మర్నాడే పేర్లు మార్చి, గుండు, బద్ద, ముక్క అన్నీ ప్రొడక్ట్ పేరులోనే చేర్చాం. 240 అంటే పౌండు బరువుకి 220 నుంచి 240 పప్పులని, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుందని కూడా కింద రాశాం, ఎందుకంటే 320 అంటే పెద్ద సైజని అనుకుని ఆర్డర్ పెట్టినవాళ్లున్నారు.

మీకూ ఇదే జరుగుతూ ఉంటుంది. మీరు బ్రాస్ పాట్ అని పెడితే వాళ్లు ఇత్తడి చెంబు అని కొడతారు, లాంప్ అని పెడితే దీపం కుంది అంటారు, ధోతీ అని పెడితే పంచె అంటారు. దానికి తోడు మన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు జీడికి ఒకరు డబుల్ ఈ పెడతారు, ఇంకొకరు ఒక్క ఐ పెడతారు, పప్పు ముందు ఒకరు ఖాళీ వదుల్తారు, ఒకరు వదలరు. రిపోర్ట్‌లో ఇవన్నీ వేరే వేరే లైన్లుగా పడి ఒక్కోటీ చిన్నదిగా కనిపిస్తాయి. అందుకే నేను లిస్టుని షీట్‌లోకి దించుకుని ఒకే అర్థం ఉన్నవన్నీ కలిపేస్తాను, అప్పుడు గాని ఏది నిజంగా ఎక్కువ అడుగుతున్నారో తేలదు. ఓపిక కావాలి గానీ ఒక పూట పని.

జీరో లిస్టులోకి రాని చిక్కు ఇంకోటుంది. మా దగ్గర "పిక్కలు" అని కొడితే జీడిపిక్కలు వచ్చేవి, రిజల్ట్ వచ్చింది కాబట్టి రిపోర్ట్ దృష్టిలో అంతా బాగానే ఉన్నట్టు. కానీ అదే మనిషి ఆ తర్వాత ఏటి వెతికాడో చూస్తే "వేరుశనగ పిక్కలు" అని ఉండేది. మన వైపు పిక్కలంటే చాలామందికి వేరుశనగే కదా. రిఫైన్‌మెంట్స్ అనో, తర్వాతి సెర్చ్ అనో ఒక కాలమ్ ఉంటే దాన్ని వదలకండి, మొదటి మాటకి మనం తప్పు అర్థం చెప్పుకున్నామని తెలిసేది దానివల్లే.

ఎగ్జిట్ శాతం చూసి మాత్రం భయపడొద్దు. ఒక మాటని ఐదుగురు వెతికి ముగ్గురు వెళ్లిపోతే 60 శాతం అని పెద్దగా చూపిస్తుంది, ముగ్గురు మనుషులతో ఏం తేల్చగలం చెప్పండి, కనీసం మూడు నెలలది కలిపి చూడండి. ఇంకోటి, మా కస్టమర్లలో చాలామంది రిజల్ట్స్ పేజీలో ధర చూసేసి నేరుగా వాట్సాప్‌లో ఆర్డర్ చెప్పేస్తారు, రిపోర్ట్‌కి అది కూడా వెళ్లిపోవడమే. అలాగని అన్నీ వదిలేయలేం, తాండ్ర వెతికినవాళ్లు ఎక్కువమంది వెళ్లిపోతుంటే ఫోన్‌లో మేమే వెతికి చూశాం, కిలో ప్యాకెట్ ఒక్కటే కనిపిస్తోంది, పావుకిలో పెట్టాక ఆర్డర్లు వచ్చాయి. సెర్చ్ చేసినవాళ్లే ఎక్కువ కొంటున్నారని కూడా రిపోర్ట్ చెప్తుంది, అది చూసి సెర్చ్ బార్ వల్లే అమ్మకాలనుకోకండి, కొనాలని వచ్చినవాళ్లే ఎక్కువగా వెతుకుతారు.

సైట్‌కి ఎవరొచ్చారో, ఏం చేశారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4 మీరు వాడుతుంటే రెండు మూడు సంగతులు. సెర్చ్ పేజీ అడ్రస్‌లో, వెతికిన మాటకి ముందు, క్యూ (q), ఎస్ (s), సెర్చ్, క్వెరీ, కీవర్డ్ లాంటి పారామీటర్ పేరు ఉంటేనే అది తనంతట తాను సెర్చ్‌ని లెక్కపెడుతుంది. టైప్ చేస్తుండగానే కింద వచ్చే సజెషన్ నొక్కి ప్రొడక్ట్‌లోకి వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు. రిజల్ట్స్‌లో రెండో పేజీకి వెళ్తే మళ్లీ ఇంకో సెర్చ్‌గా పడొచ్చు కాబట్టి ఈవెంట్ కౌంట్ (ఎన్నిసార్లు జరిగిందన్న లెక్క) కన్నా యూజర్ల సంఖ్య నమ్మండి. డేటా రిటెన్షన్, అంటే డేటాని ఎన్నాళ్లు దాచి ఉంచాలన్న సెట్టింగ్, మామూలుగా 2 నెలలే ఉంటుంది, ఈరోజే 14 నెలలకి మార్చుకోండి, లేకపోతే ఎక్స్‌ప్లొరేషన్స్‌లో (మనకి కావలసినట్టు రిపోర్ట్ తయారుచేసుకునే చోటు) పోయిన సంక్రాంతికి జనం ఏటి వెతికారో వచ్చే సంక్రాంతికి చూసుకోలేరు. జీరో రిజల్ట్స్ లిస్టు మాత్రం దాంట్లో రెడీగా ఉండదు, మీ షాపు ప్లాట్‌ఫామ్ రిపోర్ట్‌లోనే చూసుకోవాలి.

మీ జీరో లిస్టులో పైన ఉన్న ఇరవై మాటలు ఇక్కడ పెడితే ఏ పేర్లు మార్చాలో కలిసి చూద్దాం. పెట్టేముందు ఒక్కసారి చదువుకోండి, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోడానికి జనం తమ ఫోన్ నంబర్లు కూడా సెర్చ్ బార్‌లోనే కొట్టేస్తారు, అవి తీసేసి పెట్టండి.